పిండిదీపం దగ్గర చోటు

నువ్వు ఫోనులో తెలుగు అక్షరాలు కొట్టడం నేర్చుకున్నావు కాబట్టి చెబుతున్నాను. ఇంట్లో మిగతావాళ్ళంతా ఈ అరవదేశంలో అరవ బడిలో చదివినవాళ్ళే. తెలుగు మన నోళ్ళలో ఉంది కానీ చేతుల్లోకి రాలేదు. నా వాగుడంతా వాగినట్టే రాయకు, ఎక్కడి తెలుగువాళ్ళు చదివినా తెలిసేట్టు దిద్దు. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉండాలి. నడుమ మీ అమ్మ సంగతి వస్తుంది. అక్కడ చెయ్యి ఆపకు.

"అవ్వా, అమ్మ మీద చాడీలా? నేను రాయను పో."

చాడీలు కాదే. చాడీ అయితే నా మీదే. రాయి.

ఎండకాలం వస్తే మన సింగానల్లూరు ఇంట్లో నేను చేసే పనులు నీకు తెలుసు. మేడమీద వడియాలు, జాడీల్లో మామిడికాయ, మధ్యాహ్నం కరెంటు పోతే విసనకర్ర పట్టుకుని వీధి అరుగు మీద ఊరందరి సంగతులు. పీలమేడు కాలేజీ నుంచి వచ్చి బస్సు దిగేసరికే నా గొంతు వినపడుతుందని నువ్వే ఎగతాళి చేస్తావు. అంతటి నోరు కూడా ఏడాదికి ఒక్క పూట మూతపడుతుంది. అరవవాళ్ళ ఏడాది మొదలయ్యే చిత్తిర నెలలో, మావిళక్కుకు పిండి దంచే పూట.

మావిళక్కు అంటే పిండిదీపం. మన ఇంటి దేవత ముందు పెట్టేది. పచ్చిబియ్యం నానబెట్టి, నీళ్ళు వార్చి, తెల్లపంచె మీద నీడలో ఆరబోయాలి. ఎండలో పెడితే పిండి పొడిపొడిగా రాలిపోతుంది. చేత్తో పిడికెడు తీసుకుంటే తడి అంటకూడదు, గింజ మాత్రం మెత్తగా ఉండాలి. అప్పుడు రోట్లో దంచి, జల్లించి, బెల్లం, ఏలకులు, నెయ్యి కలిపి ముద్ద చేసి, నడుమ బొటనవేలితో గుంట పెట్టి, అందులో నెయ్యి పోసి వత్తి వెలిగించాలి. దీపం కొండెక్కాక ఆ పిండే ప్రసాదం. దంచేటప్పుడు తుంపర పడకూడదని మూతికి గుడ్డ కట్టుకోవాలి. మీ తాత ఆ పూట పని మానుకుని వచ్చి వంటింటి గడపలో కూర్చునేవాడు.

"ఏడాదంతా నేను కాచుకోని ఉండేది ఈ ఒక గంటకోసమే. రేయ్ పిలకాయలూ, పరిగెత్తి రాండిరా, మీ అమ్మ నోరు మూసుకోని ఉండాది!"

నేను రోకలి ఎత్తి చూపించేదాన్ని. అంతకంటే ఏం చేయగలను.

దంచడం, ముద్ద చేయడం ఇంటి కోడళ్ళలో ఎవరైనా చేయవచ్చు. వత్తి వేయడం, వెలిగించడం మాత్రం మొగుడు బతికి ఉన్న కోడలే చేయాలి. నేను ఈ ఇంటికి వచ్చేసరికే మా మామ లేడు. అందుకని మా అత్త గుడి పక్కన రాతి అరుగు మీద కూర్చునేది, పెద్దకోడలినని వెలిగించే పని నాకు వచ్చింది. ఇరవై ఏళ్ళు నిండని పిల్లను. ఆమె అక్కడ ఎందుకు కూర్చుందని నేను ఎన్నడూ అనుకోలేదు. గోడ గోడలాగా ఉన్నట్టు, ఆమె అక్కడ ఉండేది.

మీ తాతకు ఒక తమ్ముడు ఉండేవాడు. ఆయన పెళ్ళాం తేని అనే ఊరివాళ్ళ పిల్ల, నాకంటే నాలుగేళ్ళు చిన్న. తోటికోడళ్ళంటే పొయ్యి దగ్గర కత్తులు నూరుకుంటారని లోకంలో అంటారు. మేం అలా లేం. పిండి నాది, వత్తి ఆమెది. దూది ఏరి, పాలతో తడి చేసి, రెండు అరచేతుల మధ్య పెట్టి అలా ఒక్కసారి రుద్దేది. ఆ వత్తి గాలికి పడుకునేది కానీ ఆరేది కాదు.

"అక్కా, నీ పిండి ఇంత గట్టిగా ఉండాదే. దీపం పెడతావా, గోడ కడతావా?"

"నీ వత్తి మాత్రం? ఎద్దును కట్టే తాడు మాదిరి ఉండాది పోవే."

అలా ఉండేది మా ఇద్దరికీ.

మీ నాన్నకు ఆరేళ్ళప్పుడు అన్నదమ్ములిద్దరికీ ఒకేసారి కామెర్లు వచ్చాయి. ఇద్దరూ పంపుసెట్లు చేసే ఒకే వర్క్‌షాపులో లేతు పని చేసేవాళ్ళు, ఒకే కుండ నీళ్ళు తాగేవాళ్ళు. నాకు అప్పుడు కడుపులో మీ చిన్నాన్న. నన్ను వంగనివ్వకుండా తోటికోడలే పొద్దున్నే కాలవ గట్టుకు పోయి, నేల ఉసిరి పెరుక్కొచ్చి, నూరి మజ్జిగలో కలిపేది. పెద్దవాడు కాబట్టి ముందు మీ తాతకు ఇచ్చి, తర్వాత తన మొగుడికి ఇచ్చేది. ఇరవై రోజులకు మీ తాత లేచి కూర్చున్నాడు. ఆయన తమ్ముడు లేవలేదు. ఆమెకు అప్పటికి రెండేళ్ళ కూతురు.

చావు జరిగిన ఇంటివాళ్ళు ఏడాదిపాటు దేవత దగ్గరకు పోకూడదు. ఆ ఏడాది మైల తీరింది, చిత్తిర వచ్చింది. మన దేవత గుడి తేని దాటాక కదా. పెద్దలు తెలుగు దేశం నుంచి దిగి వచ్చినప్పుడు మొదట ఆ పక్కనే ఆగారట, అందుకని దేవతను అక్కడే ఉంచి మనం ఇంత దూరం వచ్చేశాం. బస్సులు మారుతూ పోయాం. అప్పుడు గుడి అంటే మూడు రాళ్ళు, పైన ఒక రేకు.

నేను ఆకులో ముద్ద పెట్టి, గుంట చేసి, నెయ్యి పోశాను. చుట్టూ దాయాదులు ముప్పైమంది నిలబడి ఉన్నారు.

"అక్కా, వత్తి" అని ఆమె చెయ్యి చాచింది. ఇంటినుంచే చేసి, ఆకులో చుట్టి తెచ్చుకుంది. ప్రతి ఏడు లాగానే.

ఆ చెయ్యి చూడగానే నాకు మీ తాత పసుపు కళ్ళు గుర్తొచ్చాయి. ఒకే రోగం, ఒకే మందు, ఒకరు పోయారు, ఒకరు మిగిలారు. ఆ మిగిలిన ఒకడు నావాడు. ఈ చేతిలో వత్తి నా దీపంలో పడితే, ఆమె ఇంట్లో జరిగింది నా ఇంట్లోనూ జరుగుతుందనిపించింది. ఆ వత్తి తీసుకున్నాను. దీపంలో వేయలేదు, ఆకు కింద పెట్టాను. సంచిలోంచి దూది తీసి నేనే ఇంకొకటి చేశాను.

"నువ్వు పక్కన ఉండు అమ్మాడీ. ఎండగా ఉండాది. పిలకాయలను చూసుకో."

ఆమె ఏడవలేదు. పోయి మా అత్త పక్కన నిలబడింది. మా అత్త జరిగి చోటిచ్చింది.

నా వత్తి సరిగా రాలేదు. రెండుసార్లు ఆరింది.

తిరుగు బస్సు తేనిలో ఆగినప్పుడు, "అమ్మ ఇంట్లో నాలుగు నాళ్ళు ఉండి వస్తానక్కా" అని కూతురిని చంకనేసుకుని దిగిపోయింది. మళ్ళీ సింగానల్లూరు రాలేదు. అడిగినవాళ్ళందరికీ, "మా అత్త అట్ల చేయమనె, నేనేం చేసేది" అని చెప్పాను. మా అత్త బతికి ఉండగానే చెప్పాను. ఆమె విని ఊరుకుంది. ఎందుకు ఊరుకుందో అడగడానికి ఇప్పుడు ఆమె లేదు.

ముప్పై ఏడేళ్ళు. ప్రతి చిత్తిరలోనూ ఆ దోవలోనే పోయాను, తేనిలో బస్సు ఆగితే మొహం అవతలికి తిప్పుకున్నాను. ఆమె కూతురి పెళ్ళికి మీ తాత ఒక్కడే పోయి వచ్చాడు. నాకు మోకాలి నొప్పి అన్నాను. మోకాలికి ఏమీ లేదు.

రెండేళ్ళ క్రితం మీ తాత పోయాడు. తేనికి కబురు పంపాం. ఆమె రాలేదు. పోయిన ఏడు మైల. ఈ ఏడు పోదామని మీ నాన్న వ్యాను మాట్లాడాడు. ముందురోజే నేను బియ్యం నానబెట్టాను, ఎవరూ వద్దనలేదు. హాల్లో ఫ్యాను కింద పంచె పరిచి ఆరబోస్తే, నువ్వు దాన్ని దాటి పోయి తిట్లు తిన్నావు. మిక్సీలో వేద్దామని మీ అమ్మ అంటే వద్దని రోట్లోనే దంచాను. భుజాలు లాగేశాయి. గడపలో కూర్చుని వెక్కిరించే మనిషి లేడు. గుడ్డ మాత్రం కట్టుకున్నాను.

వెలిగించేది ఇక నేను కాదని నాకు తెలియదా అంటావు. తెలుసు. మీ అమ్మ కొత్తకోడలుగా వచ్చిన ఏడే ఈ పద్ధతులన్నీ కూర్చోబెట్టి నేర్పింది నేనే. కానీ నలభై ఏళ్ళు చేసిన చెయ్యి తెలివితో ఆగదు. గుంటలో నెయ్యి పోయగానే అది అగ్గిపెట్టె కోసం పోయింది. అగ్గిపెట్టె అక్కడ లేదు. మీ అమ్మ చేతిలో ఉంది.

"అత్తా, మీరు పక్కన ఉండండి. ఎండగా ఉండాది. నేను చూసుకుంటానుంగ."

మంచిగానే అంది, మర్యాదకు 'ఉంగ' కూడా తగిలించింది. గొంతులో ఏ విరుపూ లేదు. అదే నన్ను కోసింది, ఎందుకంటే నేను కూడా ఆ రోజు మంచిగానే అన్నాను.

ఆ రాతి అరుగు ఇప్పుడు సిమెంటు బెంచీ అయింది. వెళ్ళి కూర్చున్నాను. నీడలో కూడా బెంచీ కాలుతోంది. అక్కడి నుంచి దీపం కనపడదు, మనుషుల వీపులు కనపడతాయి. మా అత్త ఏటేటా వచ్చి చూసింది ఆ వీపులనే అని అప్పుడు తెలిసింది. మీ చిన్నాన్న నీళ్ళ సీసా తెచ్చిచ్చి పోయాడు. ఎవరూ నన్ను కష్టపెట్టలేదు. నీడ ఉన్న చోటే చూపించారు. అందరూ నేను నేర్పినట్టే చేశారు.

తిరిగి వచ్చేటప్పుడు తేనిలో ద్రాక్షపళ్ళ కోసం వ్యాను ఆపారు. నేను దిగి ఆమె ఇంటికి పోవాలన్నాను. మీ నాన్న నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇప్పుడు ఏల అమ్మా? ముప్పై ఏండ్లు పోనిది, ఈ ఎండలో పోయి ఏం చేస్తావు?"

"పోవాల."

"ఫోను చేసి చెప్పకుండా పోతే చిన్నమ్మ ఏమనుకుంటాది?"

"చెప్పి పోతే ఇంటికి బీగం వేసుకోని ఉంటాది. పోవాలంటే పోవాల."

నువ్వు నాతో ఆటోలో వచ్చావు. అక్కడ జరిగింది నువ్వు చూశావు, అయినా నేను చెబుతాను. నువ్వు చూసింది వేరే, నాకు తగిలింది వేరే.

ఆమె వాకిట్లో నులకమంచం మీద వడియాలు తిరగేస్తూ ఉంది. సన్నగా అయిపోయింది. ఏలకుల గోదాములో కాయలు ఏరే పనికి ఇంకా పోతోందట, చీరంతా ఆ వాసనే. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవరది?"

"నేనే."

"నేనే అంటే?"

నా గొంతు గుర్తుపట్టనివాళ్ళు ఎవరు? గుర్తుపట్టే అడిగింది.

"సింగానల్లూరు అక్కను."

"ఓ. రాండి. ఈ పాప మనవరాలా? రా కణ్ణు. కాళ్ళు కడుక్కోండి, తొట్టిలో నీళ్ళు ఉండాది."

చెంబుతో మజ్జిగ ఇచ్చింది. నీ చదువు అడిగింది. నాకేసి చూడలేదు. నేను ప్రసాదం డబ్బా మూత తీసి ముందు పెట్టాను.

"దేవత దగ్గరి మావిళక్కు. తీసుకో."

ఆమె చెయ్యి చాచలేదు.

"నేను ముట్టవచ్చునా అక్కా?"

ముప్పై ఏడేళ్ళుగా ఊరికి చెప్పిన మాటే మళ్ళీ నోటికి వచ్చింది. "అమ్మాడీ, ఆ రోజు అత్త..." అన్నాను.

"అత్త చెప్పలేదు. నేను అత్తనే చూస్తా ఉంటిని. ఆమె తల దించుకోని ఉండె." వడియం తిరగేస్తూనే అంది. "పాపం ఆమె మీద వేయకు. పోయిన మనిషి."

"అవును. నేనే చేసినాను. తప్పు. నన్ను మన్నించు."

అప్పుడు నాకేసి చూసి నవ్వింది. ఆ నవ్వు నువ్వు కూడా చూశావు.

"బావ పోయినాక దోవ తెలిసెనా? ఆయన ఉన్నన్నాళ్ళు ఈ తేని ఏ దేశంలో ఉండె? నీకు జరిగె కాబట్టి నేను గుర్తొచ్చినాను. ఈ దినం నిన్ను కూడా పక్కన కూచోబెట్టినారు. అవునా కాదా?"

"ఎవరు చెప్పినారు?"

"చెప్పాల్నా? నీ మొహంలో రాసి ఉండాది. సెరి, కూచోమనినప్పుడు నువ్వేమంటివి?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదా! బస్సులో ఒకడు కాలు తొక్కితే పళని దాకా తిట్టేదానివి. ఆ నోరు యాడ పోయె?"

"కోడలిని ఏమని అడిగేది?"

"నన్ను మాత్రం వచ్చి అడుగుతావు. నా దగ్గర మన్నిప్పు అడగడం సులువక్కా. నేను మజ్జిగ ఇచ్చి పంపిస్తాను, నీకు మనసు తేలికైపోతాది. అది కాదు. ఆ అమ్మి దగ్గర పోయి చెప్పు, నేను నేర్పింది తప్పు, మొగుడు లేని ఆడది వత్తి వేస్తే ఎవరి ప్రాణమూ పోదు అని. చెప్పి, అందరి ఎదుట నువ్వు వెలిగించు. అప్పుడు పిలువు, వస్తాను. అంతదాకా ఈ పిండి నాకు వద్దు."

డబ్బా మూత పెట్టి నీ చేతిలో పెట్టింది. "నువ్వు తిను పాపా. నీ తప్పు ఏమీ లేదు."

వ్యానులో అందరూ ద్రాక్షపళ్ళు తింటున్నారు. పొల్లాచి దాటేదాకా నేను ఒక్క పండూ నోట పెట్టలేదు. వడదెబ్బ తగిలిందేమో అని మీ నాన్న నిమ్మకాయ సోడా తాగించాడు.

మరుసటి రోజు పొద్దున నువ్వు బట్టలు ఆరవేయడానికి మేడ ఎక్కినప్పుడు జరిగింది నీకు తెలియదు. మీ అమ్మ మిగిలిన ద్రాక్షను ఉప్పునీళ్ళలో కడుగుతోంది. నేను పోయి పక్కన నిలబడ్డాను. రాత్రంతా కూడబలుక్కున్న మాటలు గబగబా చెప్పేశాను.

"వత్తి సంగతిలో నేను నేర్పింది తప్పు. వచ్చే ఏడు నేనే వెలిగిస్తాను. తేని చిన్నత్తను కూడా పిలుస్తాను."

మీ అమ్మ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

"అత్తా, చెప్పింది మీరే కదుంగ? పెండ్లై వచ్చిన మొదటి ఏడే చెప్పినారు. ఒక తూరి తప్పితే ఇంటి మొగవాడి మీదికి వస్తాది అని. ఆ రోజు నుంచి మీరు అగ్గిపుల్ల గీసినప్పుడంతా, అది ఆరిపోకూడదే అని నేను మొక్కుకుంటా ఉంటాను. ఇప్పుడు తప్పు అంటారు. సెరి, తప్పే అనుకుందాం. మీరు వెలిగించినాక ఆయనకు ఏమన్నా అయితే? పోయిన నెల డాక్టరు ఈసీజీ చూసి ఏమన్నాడు, మరిచిపోతిరా?"

నా దగ్గర జవాబు లేదని కాదు. నలభై ఏళ్ళు పద్ధతి ప్రకారమే వెలిగించాను, అయినా మీ తాత పోయాడు. అదొక్కటి చెప్పినా చాలు. ఆ రోజు నా వత్తి రెండుసార్లు ఆరింది, ఆ తర్వాత కూడా ఆయన ముప్పై అయిదేళ్ళు బతికాడు. అదీ చెప్పవచ్చు. కానీ మీ నాన్న మాట ఎత్తగానే ఆ రెండు మాటలూ నాకే చాలనట్టు అనిపించాయి. మీ అమ్మ కళ్ళలో ఉన్న భయం నాకు కొత్తది కాదు. తేనివాళ్ళ పిల్ల చెయ్యి చాచినప్పుడు నాలో లేచిందే అది. నేనే పెంచి, పద్ధతి అని పేరు పెట్టి మీ అమ్మకు ఇచ్చాను. ఇప్పుడు అది నా కొడుకు ప్రాణం పట్టుకుని నాకు ఎదురు నిలబడింది.

"మీరు చెప్పండి అత్తా. మీరు ఏం చెప్పినా చేస్తాను. ఆయనకు ఏమీ కాదు అని ఒక మాట చెప్పండి."

"సెరి, కడుగు. పళ్ళు నానిపోతాయి" అన్నాను.

అదే నేను అన్నది.

నువ్వు రాయడం ఆపేశావు. మీ అమ్మ చెడ్డది కాదని ఇప్పుడైనా తెలిసిందా? తేనికి ఫోను చేశావా అని నన్ను అడగవద్దు. చేయలేదు. వచ్చే చిత్తిరకు ఇంకా చాలా నెలలు ఉన్నాయి. ఈలోగా మీ అమ్మ మనసు మారి, అందరి ఎదుట అగ్గిపెట్టె నా చేతికి ఇచ్చినా, అవతల మీ నాన్న నిలబడి ఉంటే నేను పుల్ల గీస్తానని ప్రమాణం చేయలేను. నా తోటికోడలు అది ముందే కనిపెట్టినట్టుంది. పిలిస్తే వస్తానంది కానీ, ఎదురుచూస్తూ ఉంటానని అనలేదు.